ఇత్తడి ఛాసిస్ స్లాట్ కారు కిట్: ఐదు నెలల వాడకం తర్వాత

ఇంగ్లండులోని ఒక చిన్న దుకాణం అమ్మే స్లాట్ కారు కిట్ ఒకటి ఈ సంక్రాంతికి మా అల్లుడి సూట్‌కేసులో అనంతపురం చేరింది. దానిని విప్పి, అతికించి, పరుగెత్తించి, తప్పు తెలుసుకుని మళ్లీ విప్పి సరిచేయడంలో ఐదు నెలలు గడిచిపోయాయి. ఇప్పుడు నా అభిప్రాయం స్థిరపడింది. ఈ పెట్టెలో డబ్బుకు తగిన సరుకంతా ఇత్తడిలోనూ, ఉక్కు తీగలోనూ, గేర్లలోనూ ఉంది. టైర్లలోనూ సూచనల కాగితంలోనూ లేదు. మోటారు సంగతి కింద వివరంగా చెప్తాను. అందులో నాకు ఫిర్యాదు ఉన్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో కిట్లు చేసే చిన్న తయారీదార్లు ఇంకా ఉన్నారు గనుక, పేరు తెలియకపోయినా కొనదలచినవారికి ఈ వివరాలు పనికివస్తాయి.

స్లాట్ కారును ఎన్నడూ చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. చెక్క బల్ల మీద ట్రాకు ఆకారంలో సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పుతో గాడి కోసి, దానికి రెండు పక్కలా రాగి పట్టీలు అతికించి, వాటిలోకి 12 వోల్టుల డీసీ కరెంటు ఇస్తారు. కారు ముక్కు కింద ఉండే గైడ్ ఆ గాడిలో దిగి దారి పట్టిస్తుంది. గైడ్‌కు ఇరుపక్కలా ఉన్న అల్లిక రాగి పట్టీలు ట్రాకు రాగిని ఒరుసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. నడిపేవారి చేతిలో వేగాన్ని పెంచి తగ్గించే కంట్రోలరు ట్రిగ్గరు తప్ప మరేమీ ఉండదు. తిప్పడానికి స్టీరింగు లేదు కాబట్టి ఇది తేలిక అనుకునేవారు మొదటి మలుపులోనే కారును నేల మీద వెతుక్కుంటారు.

ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆంగ్లేయుడు అప్పటిదాకా స్ప్రింగుతో నడుస్తున్న తన రేకు బొమ్మ కార్లలో విద్యుత్ మోటారు పెట్టి, 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో బజారులోకి తెచ్చాడు. 1960ల మధ్యకు వచ్చేసరికి ఈ ఆట అమెరికాలో విపరీతంగా వ్యాపించి, గంటకు ఇంతని అద్దె తీసుకునే ట్రాకు హాళ్లు ఊరూరా వెలిశాయి. దశాబ్దం ముగిసేలోపు వాటిలో అత్యధికం మూతపడ్డాయి కూడా. ఆ కొద్ది సంవత్సరాలలో పోటీలకు వెళ్లేవారు దుకాణంలో కొన్న కారుతో తృప్తిపడక, ఇత్తడి రేకు, ఇత్తడి గొట్టం, స్ప్రింగు ఉక్కు తీగ తెచ్చుకుని, టంకం పెట్టి తమ ఛాసిస్‌లను తామే కట్టుకునేవారు. వాటిలో జపానుకు చెందిన మబూచి కంపెనీ చేసిన 16డి, 36డి అనే చిన్న మోటార్లు ఎక్కువగా వాడేవారు. ఇప్పుడు వింటేజ్ తరహా అంటున్నది ఆ పద్ధతినే, ఈ కిట్ కూడా ఆ కోవదే. నేడు దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ కార్లలో చాలావాటి కడుపు కింద ఒక అయస్కాంతం ఉండి, వాటితో వచ్చే ప్లాస్టిక్ ట్రాకులోని ఉక్కు పట్టాలను పట్టుకుని కారును మలుపులో కాపాడుతుంది. వింటేజ్ తరహా కారుకు అటువంటి ఆదరువు లేదు. తన బరువు, తన టైర్లు, నడిపేవారి వేలు, అంతే.

ఇటువంటి వస్తువు మన ఊళ్లలో ఎందుకు దొరకదని అడిగేవారున్నారు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదన్న నిబంధన కూడా ఉంది. ఏడాదికి నాలుగు కిట్లు అమ్ముడుపోతాయో లేదో తెలియని సరుకు కోసం సుభాష్ రోడ్డులోని ఏ బొమ్మల అంగడివారైనా ఇంత తిప్పలు పడతారని ఆశించడం న్యాయం కాదు.

ఇక పెట్టెలోని సరుకు. ఇది 1/24 కొలతలో, 1965లో వచ్చిన లోలా టీ70 అనే రేసు కారును పోలిన నమూనా. ఎరిక్ బ్రాడ్లీ రూపొందించిన ఈ కారుతోనే జాన్ సర్టీస్ 1966లో, కెనడా, అమెరికాల్లో జరిగే కెన్-యామ్ రేసుల ఛాంపియన్‌షిప్ గెలిచాడు. కిట్‌లో మోటారు బిగించే ఇత్తడి బ్రాకెట్టు, పక్కలకు వచ్చే రెండు ఇత్తడి రేకులు, నిడివికి వచ్చే ఉక్కు తీగ ముక్కలు నాలుగు, గైడ్ ఉండే చేయి, ఇరుసులు, అవి తిరిగే బుష్‌లు, 16డి తరహా మోటారు ఒకటి, దాని షాఫ్టుకు బిగించే తొమ్మిది పళ్ల చిన్న గేరు (పినియను), వెనుక ఇరుసు మీద కూర్చునే ముప్పైరెండు పళ్ల క్రౌన్ గేరు, అల్యూమినియం చక్రాలు, వాటికి అతికించిన స్పాంజి రబ్బరు టైర్లు, పారదర్శకమైన పాలీకార్బొనేట్ బాడీ ఉన్నాయి. ఇత్తడి భాగాల అంచులు శుభ్రంగా కోసి ఉన్నాయి. వెర్నియర్‌తో చూస్తే రెండు పక్క రేకులకూ నిడివిలో తేడా కనిపించలేదు. గేర్ల పళ్లు కూడా ఒకే తీరుగా ఉన్నాయి. భూతద్దంతో వెతికినా ఒక్క పన్ను మీద బిరుసు అంచు దొరకలేదు.

కొలతల కాగితం మాత్రం చేతికి తీసుకోగానే అనుమానం కలిగించింది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య నాలుగు ఇంచులు, అంటే 101.6 మిల్లీమీటర్లు ఉంచమని అందులో ఉంది. అసలు కారులో ఆ దూరం 2413 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే సుమారు 100.5 మిల్లీమీటర్లు మాత్రమే వస్తుంది. మిల్లీమీటరు పైచిలుకు తేడా పెద్దది కాదనిపించవచ్చు. బాడీ తొడిగి చూస్తే ముందు చక్రం తన గూడు మధ్యలో కాకుండా ముందు అంచుకు ఆనుకుని కూర్చుంటుంది. నేను కాగితాన్ని పక్కన పెట్టి, బాడీలోని చక్రాల గూళ్ల మధ్య దూరం కొలిచి, దాని ప్రకారమే కట్టాను.

గుత్తి రైల్వే డీజిల్ షెడ్డులో విద్యుత్ పనుల మీద చాలాకాలం గడిపినవాడిని కాబట్టి టంకం పెట్టడం నాకు కొత్త కాదు. అయినా ఈ కిట్ ఇంత వేడి అడుగుతుందని ఊహించలేదు. రేడియో పనికి వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ముట్టించగానే ఇత్తడి రేకు ఆ వేడినంతా పీల్చుకుని, టంకాన్ని ముద్దగా నిలబెట్టింది తప్ప లోపలికి పారనివ్వలేదు. వెడల్పు మొన ఉన్న 80 వాట్ల ఐరన్ తెచ్చాక పని సాగింది. ఈ ఒక్క ముక్క పెట్టె మీద రాసి ఉంటే నాకు రెండు సాయంత్రాలు మిగిలేవి. ఇత్తడిని ముందుగా తోమడానికి పెట్టెలో చిన్న గరుకు కాగితం ఇచ్చారు. మా ఇంట్లో పూజ సామాను తోమే చింతపండు అంతకంటే మేలైన పని చేసింది. నలుపు పూర్తిగా విడిచి, కొత్త బిందెలా మెరిసే ఇత్తడి మీద టంకం నీళ్లలా పరుచుకుంది. ఉక్కు తీగకు మాత్రం చింతపండు చాలదు, టంకం పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే, జింక్ క్లోరైడ్ ఉన్న ఆమ్లపు ఫ్లక్స్ కావాలి. ఆ ఫ్లక్స్ వాడినవారు పని అయిన వెంటనే ఛాసిస్‌ను వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, బ్రష్షుతో రుద్ది కడగాలి; కడగకుండా పడుకుంటే తెల్లవారేసరికి తీగ మీద తుప్పు ఎర్రగా లేస్తుంది. సీసం కలిసిన టంకం కాబట్టి కిటికీ తెరిచి ఉంచడం, తర్వాత చేతులు కడుక్కోవడం వేరే చెప్పనక్కర్లేదు.

వెనుక ఇరుసు బుష్‌లను బ్రాకెట్టుకు అతికించడం ఈ పని మొత్తంలో నాజూకైనది. రెండు బుష్‌లూ ఒకే గీతలో ఉండాలంటే ఇరుసును వాటిలోంచి దూర్చి ఉంచే టంకం పెట్టాలి. అలా పెడితే టంకం కాస్త జారినా ఇరుసు, బుష్ రెండూ కలిసి ఒకే కడ్డీ అయిపోతాయి. మొదటిసారి నాకు సరిగ్గా అదే జరిగింది. రెండోసారి దీపం మీద ఇరుసును తిప్పుతూ మసి పట్టించి, ఆ మసితోనే బుష్‌లోకి దూర్చాను. మసి మీద టంకం అంటుకోదు. చల్లారాక ఇరుసు వేలితో తిప్పగానే తిరిగింది. ఛాసిస్ సమతలంగా ఉందో లేదో చూడటానికి తాడిపత్రి పాలిష్ యూనిట్లలో మిగిలే గ్రానైటు ముక్కకు మించిన పరికరం లేదు. ఆ నల్లరాయి మీద ఛాసిస్ పెట్టి నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కితే, ఎక్కడ టకటకమన్నదో అక్కడ మెలిక ఉన్నట్టు. నాది కుడి ముందు మూలన లేచింది. వంచి సరిచేయబోతే మళ్లీ మొదటికే వస్తుంది. టంకం కరిగించి, తీగలో దాగిన బిగువు వదలనిచ్చి, రాయి మీదే అదిమి చల్లార్చిన తర్వాతే నిలిచింది.

ఇప్పుడు మోటారు. కొత్త మోటారుకు ముందు 3 వోల్టులు ఇచ్చి, బరువేమీ పెట్టకుండా ఇరవై నిమిషాలు తిప్పితే కార్బన్ బ్రష్షులు కమ్యుటేటరు (అవి ఒరుసుకునే, తిరిగే రాగి ముక్కల వలయం) గుండ్రానికి తగ్గట్టు అరిగి కుదురుకుంటాయి. రైలింజను ట్రాక్షన్ మోటారుకైనా, బొటనవేలంత ఉన్న దీనికైనా ఈ నియమం ఒక్కటే. నా మోటారు ఆ ఇరవై నిమిషాలూ వణుకుతూనే ఉంది. ఆపి మళ్లీ స్విచ్చు వేస్తే ఒక్కోసారి కదలలేదు. షాఫ్టును వేలితో తోస్తే అందుకునేది. అమ్మినవారికి రాస్తే, ఇంకొంచెంసేపు తిప్పమని జవాబు వచ్చింది. నాకది నచ్చలేదు. మోటారు విప్పి, కమ్యుటేటరు మూడు ముక్కల మధ్యా మీటరు పెట్టి చూశాను. రెండు జతల మధ్య 1.2 ఓములు, మూడో జత మధ్య 2.4 ఓములు చూపించింది. మూడు చుట్టలూ బాగుంటే మూడు జతల మధ్యా ఒకే అంకె రావాలి, అది కూడా ఇక్కడ సుమారు 0.8 ఓము ఉండాలి. ఒక చుట్ట తెగిపోతే ఆ జత మధ్య కరెంటు మిగిలిన రెండు చుట్టల గుండా తిరిగి రావాలి కాబట్టి సరిగ్గా రెట్టింపు చూపిస్తుంది. అంటే ఈ మోటారు మూడు కాళ్ల పీట మీద రెండు కాళ్లతో నిలబడింది.

తీగ మరీ సన్నం. నా కళ్లకు పాతికేళ్ల కిందటి చూపు లేదు. అందుకని తాడిపత్రి బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడికి తీసుకువెళ్లాను. వరండా అంతా సబ్‌మెర్సిబుల్ మోటార్ల గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. నా అరచేతిలోని ఆర్మేచరును, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, వంగి చూసి అంగడి ఆయన, "సార్, ఇది ఎన్ని అడుగుల బోరుకు దింపేది?" అన్నాడు. పక్కనున్న రైతు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం ఆయన పనితనం చూసి నేనే ముచ్చటపడ్డాను. భూతద్దం కన్నుకు తగిలించుకుని, చుట్ట కొసను కమ్యుటేటరు కొక్కెం నుంచి సూదితో లేపి చూపించాడు. తీగ తెగలేదు, కొక్కెం కింద దాని ఎనామిల్ పూత అసలు గీకనే లేదు. ఫ్యాక్టరీలో పూతతో సహా నొక్కి వదిలేశారు. బ్లేడు మొనతో రెండు మిల్లీమీటర్ల మేర పూత గీకి, రాగి ఎర్రగా కనబడ్డాక కొక్కేనికి చుట్టి, ఒక్క చుక్క టంకం ముట్టించి, పైన వార్నిష్ పూశాడు. మీటరు పెడితే మూడు జతలూ సమానంగా చదివాయి. యాభై రూపాయలు ఇవ్వబోతే టీకి ఇరవై చాలన్నాడు. మోటారు ఆ రోజు నుంచి నేటిదాకా వణకలేదు.

అమ్మినవారికి ఈ సంగతంతా ఫొటోలతో రాశాను. పాత మోటారు నా ఖర్చుతో తిప్పి పంపితే కొత్తది ఇస్తామన్నారు. ఆ తపాలా ఖర్చుకు మోటారే వస్తుంది. మర్యాదగా మాట్లాడారన్న మాట నిజమే గాని, అమ్మేముందు మీటరు పెట్టి చూస్తే అర నిమిషంలో తేలే లోపం ఇది.

మా ట్రాకు గురించి కొంత చెప్పకపోతే తర్వాతి లెక్కలు అర్థం కావు. మిద్దె పైగదిలో 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (నొక్కి చేసిన చెక్కనార పలక) బల్ల మీద వడ్రంగి రౌటరుతో రెండు గాడులు కోయించి, రాగి టేపు అతికించుకున్నాను. ఒక చుట్టు 11 మీటర్లు. మలుపులు ఇరుకు, పొడవైన సూటి దారి ఒక్కటే. అనంతపురం పొడి గాలి వల్ల బల్ల ఉబ్బదు, రాగి పచ్చబడదు. ఆ మేరకు మేం అదృష్టవంతులం. అయితే ఆషాఢంలో రామగిరి కొండ మీది గాలిమరలను తిప్పే గాలే మా గదిలోకి సన్నని ఎర్రమట్టి దుమ్మును కూడా తెచ్చి పోస్తుంది. స్పాంజి టైర్లు దానిని కారు ఐదు చుట్లు తిరిగేలోపే పూర్తిగా పీల్చుకుంటాయి.

గేర్ల దగ్గర నుంచి మొదలుపెడతాను. తొమ్మిది పళ్ల పినియనుకు ముప్పైరెండు పళ్ల క్రౌన్ గేరు అంటే మోటారు సుమారు మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పొడవైన వ్యాపార ట్రాకుకు ఇది తగిన ఏర్పాటు. మా ఇరుకు మలుపుల్లో కారు వేగం అందుకునేలోపే మలుపు వచ్చి పడేది. ట్రిగ్గరు వదిలితే ఆగడమూ ఆలస్యమే. ఎనిమిది పళ్ల పినియను మార్చి నిష్పత్తిని సరిగ్గా నాలుగుకు తెచ్చాను. సూటి దారి చివర గరిష్ఠ వేగం కొంత తగ్గింది, మలుపు దాటి లేచే చురుకు, ఆగే చురుకు రెండూ పెరిగాయి. ఆగడం గురించి ఒక మాట: ట్రిగ్గరు పూర్తిగా వదిలినప్పుడు కంట్రోలరు మోటారు రెండు తీగలనూ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. తిరుగుతున్న మోటారు ఆ క్షణంలో జనరేటరై, తాను పుట్టించిన కరెంటే తనను పట్టి ఆపుతుంది. డీజిల్ ఇంజన్లలో డైనమిక్ బ్రేకు ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, కాకపోతే అక్కడ కరెంటును పైకప్పు మీది రెసిస్టరు గ్రిడ్లలో వేడిగా వదిలేస్తారు. షెడ్డులో ఆ గ్రిడ్లు మార్చిన చేతితో ఈ ట్రిగ్గరు వదిలినప్పుడల్లా నాకు ఒక రకమైన సంతోషం కలుగుతుంది. సమీక్షలో దీనికి చోటు లేదని తెలిసీ రాస్తున్నాను.

పినియను మార్చినవారు ఒక సంగతి మరచిపోకూడదు. ఈ గేర్లు 48 పిచ్, అంటే ఇంచి వ్యాసానికి 48 పళ్ల లెక్కన చేసినవి కాబట్టి, ఒక పన్ను తగ్గితే పినియను వ్యాసార్ధం పావు మిల్లీమీటరు పైన తగ్గుతుంది. క్రౌన్ గేరు స్క్రూ వదులు చేసి, దానిని ఇరుసు మీద అంతే దూరం పినియను వైపు జరపాలి. జరపకపోతే పళ్లు కొసలతో మాత్రమే కలుసుకుని, కారు కోయిల గొంతు నుంచి గానుగ గొంతులోకి దిగుతుంది. సందు సరిచేయడానికి సన్నని సిగరెట్టు కాగితం ముక్క పళ్ల మధ్య పెట్టి, గేరును దానికి ఆనించి బిగించి, కాగితాన్ని తిప్పి బయటికి లాగితే చాలు. కాగితం మీద పళ్ల అచ్చు చిరగకుండా, లోతుగా పడాలి. పెట్టెలో ఎనిమిది పళ్ల పినియను అదనంగా ఇవ్వకపోవడం అమ్మినవారి పొరపాటుగానే భావిస్తున్నాను, ఎందుకంటే ఈ కిట్ కొనేవారిలో ఎక్కువమంది ఇంటి ట్రాకుల వారే అయి ఉంటారు.

టైర్ల విషయంలో మాత్రం అమ్మినవారిని సమర్థించే మాట నా దగ్గర లేదు. వెనుక చక్రాలను తిప్పి డయలు గేజి ఆనిస్తే ఎడమది 0.4 మిల్లీమీటర్లు ఊగింది. 27 మిల్లీమీటర్ల టైరుకు అంత ఊపు ఉంటే మలుపులో వెనుక భాగం గంతులు వేస్తుంది. గుండ్రం చేసే పద్ధతి కష్టం కాదు: గాజు ముక్కకు 180 నంబరు ఎమరీ కాగితం అతికించి, మోటారుకు 4 వోల్టులు ఇచ్చి, తిరుగుతున్న టైర్లను ఆ కాగితం మీద తేలికగా ఆనించి ఉంచాలి. నల్లని పొడి రాలుతూ మొదట ఒక పక్కే అరుగుతుంది, పావుగంటకు చుట్టూ ఒకే మెరుగు వస్తుంది. అదిమితే రబ్బరు వేడెక్కి జిగురు విడిచి, టైరు చక్రం నుంచి ఊడివస్తుంది. నాకు కుడి టైరు ఊడింది; దాని అసలు జిగురు చక్రం అంచున సగం చుట్టే పూసి ఉండటం అప్పుడే చూశాను. ఇంత ధరకు ఇది తగదు. గుండ్రం అయ్యాక ఎడమ టైరు వ్యాసం కుడిదానికంటే తక్కువై, రెంటినీ సమం చేయడానికి కుడిదానిని కూడా అరగదీయవలసి వచ్చింది. ఫలితంగా రెండూ 26.2 మిల్లీమీటర్లకు దిగాయి, ఛాసిస్ నేలకు ఆ తగ్గుదలలో సగం మేర దగ్గరైంది. దుమ్ముకు మందు ఒక్కటే: ప్రతి ఐదు చుట్లకూ వెనుక టైర్లను అంటుకునే టేపు మీద రెండుసార్లు దొర్లించడం. మా మనవడు ఆ పని తనదిగా పెట్టుకుని, ట్రాకు పక్కనే టేపు చుట్ట పట్టుకుని నిలబడతాడు.

ముందు చక్రాలు ఈ కారులో బరువు మోయవు. గైడ్ ఒక కాలు, వెనుక టైర్లు రెండు కాళ్లుగా కారు నిలుస్తుంది. ముందు టైర్లు ట్రాకును తాకీ తాకనట్టుండాలి. అవి నేలను గట్టిగా పట్టుకుంటే గైడ్ గాడిలోంచి లేచి, చిన్న కుదుపుకే కారు ఎగిరిపోతుంది. ఇరుసు ఎత్తు సరిచేసిన తర్వాత ముందు టైర్లకు మా కోడలి గోళ్ల రంగు, రంగులేని రకం, రెండు పూతలు వేశాను. నున్నబడిన టైరు మలుపులో జారుతుంది, పట్టుకోదు. ఆ సీసా నాకే ఇచ్చేసింది, వాసన చూసి.

బరువు పంచడం దగ్గర ఒక ఆదివారం గడిచింది. మొత్తం కారు 168 గ్రాములు తూగింది. గైడ్‌ను ఒక తూకం మీద, వెనుక చక్రాలను అదే ఎత్తు దిమ్మె మీద పెట్టి చూస్తే ముందు 62 గ్రాములే ఉంది. సూటి దారిలోకి లేచేటప్పుడు ముక్కు తేలిపోవడానికి కారణం అదే. గైడ్ చేయి వెనుక, వీలైనంత కిందుగా సీసపు రేకు 8 గ్రాములు అతికించాక ముందు 70, వెనుక 106 అయ్యాయి. ఇంకా పెట్టి చూశాను. కారు గాడిలో గట్టిగానే నిలిచింది గాని మలుపు నుంచి లేవడంలో మొద్దుబారింది. తీసేశాను.

బాడీ గురించి చెప్పవలసింది తక్కువ. అచ్చు పదునుగా ఉంది, గాలి తీసుకునే చీలికలు కూడా స్పష్టంగా పడ్డాయి. రంగు లోపలి నుంచి వేయాలి కాబట్టి గాజు పటాలు రాసేవారి వరుసే ఇక్కడా: సన్నని గీతలు, నంబర్లు ముందు, పెద్ద రంగు చివర. బండ్లకు పెయింటు వేసే షాపులో వాడే థిన్నరును దగ్గరికి రానివ్వకూడదు. పాలీకార్బొనేటు మీద సాలెగూడు లాంటి పగుళ్లు లేస్తాయి. ఒక కత్తిరింపు ముక్క మీద ముందుగా పరీక్షించినందువల్ల నా బాడీ బతికింది. దానిని ఛాసిస్‌కు పిన్నులతో బిగించేటప్పుడు పూర్తిగా బిగించక, రవంత ఆట ఉంచాలి. బాడీ మలుపులో తన పాటికి తాను కొంచెం ఊగితే ఆ కుదుపు టైర్లదాకా చేరదు. పెట్టెలోని పిన్నులు ఇందుకు సరిగ్గా సరిపోయాయి.

ఫలితం అంకెల్లో చెప్పాలంటే, పెట్టెలోని భాగాలను ఉన్నవి ఉన్నట్టే కట్టి, మోటారు మాత్రం బాగుచేయించిన నాడు ఒక చుట్టుకు 5.8 సెకన్లు పట్టింది, అదీ మూడు చుట్లకొకసారి కింద పడుతూ. ఇప్పుడు 4.9 సెకన్లలో తిరుగుతోంది. నిరుడు కొన్న అయస్కాంతం ఉన్న ప్లాస్టిక్ కారు మా రాగి టేపు ట్రాకు మీద, పట్టుకోవడానికి ఉక్కు పట్టా లేక, 5.5 దగ్గరే ఆగిపోయింది. నడపడంలోని తేడా అంకెలకు పూర్తిగా అందదు. ప్లాస్టిక్ కారు పట్టు తప్పితే హెచ్చరిక లేకుండా ఎగిరిపోతుంది. ఈ కారు వెనుక భాగం ముందుగా మెల్లగా పక్కకు జారుతుంది, ఇత్తడి బరువు దానిని ఒక్క క్షణం ఆపి ఉంచుతుంది, ఆ క్షణంలో ట్రిగ్గరు రవంత సడలిస్తే మళ్లీ దారిలోకి వస్తుంది. కిట్‌కు పెట్టిన డబ్బు దక్కింది అనిపించేది ఆ జారుడులోనే.

ఎవరు కొనాలి అన్నదానికి నా జవాబు కొంచెం కటువుగా ఉంటుంది. టంకం పెట్టడం రానివారు, మీటరు, వెర్నియర్ ఇంట్లో లేనివారు దీనిని కొంటే ఇత్తడి ముక్కల పెట్టెనే అలమారులో దాచుకుంటారు. పిల్లల పుట్టినరోజుకు బహుమతిగా అసలు పనికిరాదు. ఆమ్లం, సీసం, ఎర్రగా కాలే ఐరన్ మధ్య కట్టవలసిన వస్తువు ఇది. లేతు మీదనో, వైండింగు బల్ల దగ్గరనో చేయి తిరిగినవారికి మాత్రం తప్పక చూడమంటాను, కాగితాన్ని నమ్మకుండా కొలిచి కట్టుకునే ఓపిక ఉంటే.

రెండో కారు కూడా కట్టాలనుకుంటున్నాను. ఈసారి మోటారు, టైర్లు వద్దు, ఇత్తడి భాగాలు, తీగ, గేర్లు, ఎనిమిది పళ్ల పినియనుతో సహా విడిగా ఇస్తారా అని ఆ దుకాణానికే రాశాను. ఇస్తామన్నారు, ధర పూర్తి కిట్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ. దసరాకు అల్లుడు వచ్చేటప్పుడు తెస్తానన్నాడు.